గౌరసాని కట్టిన వెల

అనగా అనగా, ఓడలు గాలిని నమ్ముకుని తెరచాపలతో నడిచిన కాలంలో, తూర్పు సముద్రపు ఒడ్డున కొంగలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో మూడువందల మగ్గాలు. తెల్లవారితే చాలు, ఏ వీధిలో విన్నా మగ్గాల చప్పుడే.

ఆ పట్నంలో గౌరసాని అనే ఆమె ఉండేది. ఆమె పని బట్టలకు వెల కట్టడం. నేతగాడు ఒకవైపు, కొనడానికి వచ్చిన వర్తకుడు మరొకవైపు కూర్చుంటే, ఆమె మధ్యన కూర్చుని బట్ట తానును విప్పి చూసేది. గంజి పెట్టిన బట్ట మెరుస్తుంది, గట్టిగా కనబడుతుంది. ఆమె ఆ మెరుపును చూసేది కాదు. ఒక కొసను నీళ్ళలో ముంచి, గంజి పోయేదాకా పిండి, ఆరబెట్టి, అప్పుడు గోటితో పోగులు లెక్కపెట్టేది. "దీని వెల ఇంత" అని ఆమె అన్నాక ఇరువైపులా బేరం ఉండేది కాదు.

గౌరసానికి పిల్లలు లేరు. కొమ్మన అనే తమ్ముడు ఒక్కడు పక్కవీధిలో మగ్గం నేసుకుంటూ భార్యతో కాపురం ఉండేవాడు. ఆమె భర్త పోయి పదేళ్ళయింది. అతను ఎలా పోయాడో చెప్పాలంటే ముందు ఆ పట్నానికి ఉన్న భయం గురించి చెప్పాలి.

పదేళ్ళ కిందట కొంగలరేవు మీద ఉప్పెన విరుచుకుపడింది. ఒక్క పూటలో మగ్గాలన్నీ విరిగిపోయాయి. ప్రాణాలు దక్కినవాళ్ళకు పని లేదు, కొత్త మగ్గం కొనుక్కునే దారి లేదు. ఆ ఏడాది గంజి దొరికినవాళ్ళు బతికారు. దొరకనివాళ్ళు బతకలేదు. గౌరసాని భర్త తన వంతు గంజి కూడా ఆమెకే పోసి, మాఘమాసంలో కన్ను మూశాడు.

ఆ తరువాత నేతగాళ్ళంతా కూటం కట్టారు. మగ్గానికి ఏడాదికి రెండు వరహాల చొప్పున తీసి ఒకచోట చేర్చారు. దానికి గాలివాన సొమ్ము అని పేరు పెట్టారు. దాన్ని ఊరి గాదెలో ఉంచారు. గాదె పెద్దలు ఆ సొమ్ముతో కోతల కాలంలో ధాన్యం కొని, ధర పెరిగాక అమ్మి, ఏడాదికి నూటికి పది చొప్పున లాభం ఇచ్చేవారు. ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి ఇచ్చేవారు. పదేళ్ళు గడిచేసరికి గాలివాన సొమ్ము తొమ్మిదివేల వరహాలయింది.

సొమ్ము చేరిన చోటికి మనుషులు వస్తారు కదా. ఒకే నెలలో ముగ్గురు వచ్చారు.

కూటం పెద్ద పర్వతయ్య నేతగాళ్ళందరినీ పిలిచి, ఆ ముగ్గురినీ మాట్లాడమన్నాడు.

మొదట లేచినవాడు పోలినాయుడు. ఓడ నడిపేవాడు, మంచి ధైర్యశాలి. "అయ్యలారా, లవంగాల దీవులకు ఓడ కడుతున్నాను. మీ తొమ్మిదివేలూ ఇందులో పెట్టండి. మూడేళ్ళలో ఇరవై ఏడు వేలు తెచ్చి మీ ఒళ్ళో పోస్తాను. నాలుగు ఓడలు ఈ రేవుకే లవంగాలు తెచ్చాయి. మీరంతా చూసినవే" అన్నాడు. జనం తలలూపారు.

రెండోవాడు సింగమయ్య. అతని వేళ్ళకు ఉంగరాలు, మాటకు తియ్యదనం. "ఎగువన వజ్రాల గని ఉంది. దానికి వెయ్యి వాటాలు. ఒక వాటా నిరుడు నలభై వరహాలు, ఇవాళ తొంభై. ఈ సభ ముగిసేలోగా తొంభై అయిదు కావచ్చు. మీరు గని తవ్వక్కర్లేదు, ఓడ ఎక్కక్కర్లేదు. వాటా పత్రం పెట్టెలో పెట్టుకుని కూర్చోండి. అదే పెరుగుతుంది" అన్నాడు. జనం ఈసారి తలలూపడమే కాదు, చప్పట్లు కూడా కొట్టారు.

మూడోవాడు ఎల్లమంద. ఎర్రరంగు అద్దేవాడు. అతని చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. నలుగురిలో మాట్లాడడం అలవాటు లేదు. "అదేనండీ... ఎర్రరంగునిచ్చే చిరివేరు మన ఇసుకలోనే దొరుకుతుంది కదండీ. మనం బట్టల్ని పడవల్లో ఎగువ ఊళ్ళకు పంపి రంగు వేయించుకుంటున్నాం. ఇక్కడే రంగుల కొట్టం కట్టుకుంటే, ఆ కూలీ పడవ బాడుగా మిగులుతాయండీ. మూడువేలు అవుతుంది. ఏడాదికి ఆరువందలు మిగలవచ్చు. రంగు కాచే కాగులు పదేళ్ళు ఆగుతాయండీ" అని చెప్పి గబుక్కున కూర్చున్నాడు. ఎవరూ తలూపలేదు. వెనక వరసలో ఒకరిద్దరు ఆవులించారు.

పర్వతయ్య గౌరసాని వైపు తిరిగాడు. "అమ్మా గౌరసానీ, బట్టకు వెల కట్టినట్టే ఈ మూడింటికీ వెల కట్టి చెప్పగలవా?" అని అడిగాడు.

"బట్ట చేతిలో ఉంటుంది పెద్దయ్యా. ఇవి ఇంకా రానివి. అయినా నెల రోజులు గడువిస్తే చూస్తాను" అంది గౌరసాని.

"నువ్వు చెప్పినట్టే కూటం నడుచుకుంటుంది. ఏమంటారు?" అన్నాడు పర్వతయ్య. అందరూ సరేనన్నారు. ఆమె మాట ఎన్నడూ తప్పలేదు మరి.

గౌరసాని ముందు ఓడలవాళ్ళ వీధికి వెళ్ళింది. పోలినాయుడిని ఏమీ అడగలేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆడవాళ్ళను పలకరించింది. "ఈ పదిహేనేళ్ళలో మీ ఇంట్లో ఎవరైనా లవంగాల దీవులకు వెళ్ళారా అమ్మా?" అని అడిగింది. ఒక ఇంట్లో, వెళ్ళి తెచ్చిన సొమ్ముతో కట్టిన మేడ చూపించారు. ఒక ఇంట్లో ఒక ముసలామె గోడకు తగిలించిన కొడుకు చొక్కా చూపించింది. పక్క ఇంట్లోనూ అంతే. ఆ పక్క ఇంట్లోనూ అంతే. వీధి చివరికి వచ్చేసరికి గౌరసానికి లెక్క తెలిసింది. వెళ్ళినవి పది ఓడలు. తిరిగి వచ్చినవి నాలుగు. వచ్చినవాళ్ళు రేవంతా తిరిగి కబుర్లు చెప్పారు కనుక ఆ నాలుగే అందరికీ తెలుసు. రానివాళ్ళ సంగతి చెప్పడానికి ఎవరున్నారు?

తరువాత ఎడ్లబండి మీద మూడు రోజులు ప్రయాణం చేసి వజ్రాల గనికి వెళ్ళింది. గట్టు మీద కూర్చుని ఒక పూటంతా చూసింది. గనిలోంచి పైకి వచ్చేవి రెండే. ఒకటి రాళ్ళ తట్టలు, రెండోది నీళ్ళ తోలుతిత్తులు. ఆమె రెండింటినీ లెక్కపెట్టింది. తట్టలు ఇరవై వస్తే తిత్తులు నలభై వచ్చాయి. తట్టలు మోసే ఆడమనిషి ఒకామె నీడకు వచ్చి కూర్చుంటే గౌరసాని తన అటుకుల మూట విప్పి సగం పెట్టింది.

"నిరుడు కూడా ఇన్ని నీళ్ళేనా అమ్మా?" అని అడిగింది.

"నిరుడు ఇందులో సగం. లోపలికి పోయేకొద్దీ ఊట ఎక్కువ. నాలుగేళ్ళు తవ్వితే గొప్ప అంటున్నారు మావాళ్ళు" అంది ఆమె.

"వాటాదారులకు ఏడాదికి ఎంత పంచుతున్నారు?"

"వాటాకు ఆరు వరహాలట. మూడేళ్ళుగా అంతే."

గౌరసాని తిరిగి వచ్చి, చివరగా ఎల్లమంద గుడిసెకు వెళ్ళింది. ఎల్లమంద తన లెక్కంతా చెప్పాడు. ఆమె లేవబోతుంటే, తల గోక్కుంటూ "అమ్మా, ఒక మాట సభలో చెప్పలేదు" అన్నాడు.

"ఏమిటది?"

"ఈ రంగుకు మంచినీళ్ళు కావాలి. అయిదేళ్ళకు ఒక ఏడు వానలు తప్పుతాయి. అప్పుడు బావిలోకి ఉప్పునీరు వస్తుంది. ఆ ఏడు కొట్టం మూసుకోవలసిందే. పైసా రాదు. చెబితే సొమ్ము ఇవ్వరేమోనని..." అంటూ నేల చూపులు చూశాడు.

"చెప్పావు కదా ఇప్పుడు" అంది గౌరసాని.

ఆమె ఇంటికి వెళ్ళి, అరుగు మీద గవ్వలు పరిచి, మూడు రోజులు లెక్క కట్టింది. గడువు రోజు వచ్చింది. కూటమంతా చేరింది. గౌరసాని నేల మీద కూర్చుని గవ్వల సంచి విప్పింది.

"ఇవాళ నూరు వరహాలు ఊరి గాదెలో వేస్తే వచ్చే ఏటికి ఎంత?" అని అడిగింది.

"నూటపది" అన్నారు అందరూ.

"అంటే వచ్చే ఏడు వచ్చే నూటపది, ఇవాళ చేతిలో ఉన్న నూరుతో సమానం. రెండేళ్ళు ఆగి వచ్చేదైతే ఇంకా తక్కువ. దూరాన ఉన్న సొమ్ము చిన్నది. అది వచ్చేదాకా మనం ఊరుకోవాలి కనుక చిన్నది. రాకుండా పోవచ్చు కనుక మరీ చిన్నది. దాన్ని ఇవాళ్టి సొమ్ములోకి మార్చి చూస్తేనే వెల తెలుస్తుంది" అంది గౌరసాని.

ఆమె ముందు ఓడ లెక్క చెప్పింది. "మూడేళ్ళకు వచ్చే ఇరవై ఏడు వేలు ఇవాళ్టి ఇరవై వేల పైచిలుకుతో సమానం. బాగానే ఉంది. కానీ పది ఓడలు వెళితే నాలుగే వచ్చాయి. పది పాళ్ళలో నాలుగే మనవనుకుంటే ఎనిమిదివేల చిల్లర. మనం పెట్టేది తొమ్మిదివేలు. వెల చాలదు. పైగా ఓడ మునిగితే మన దగ్గర మిగిలేది సున్నా."

పోలినాయుడు మొహం ఎర్రబడింది గానీ, పది ఓడల మాట కాదనలేకపోయాడు.

"వజ్రాల గని వాటా ఏడాదికి ఆరు వరహాలు ఇస్తుంది. నాలుగేళ్ళు ఇస్తుంది. మొదటి ఏటి ఆరు ఇవాళ్టి అయిదున్నరతో సమానం. నాలుగో ఏటి ఆరు ఇవాళ్టి నాలుగుతో సమానం. నాలుగేళ్ళవీ కూడితే పంతొమ్మిది. ఆ వాటా వెల పంతొమ్మిది వరహాలు."

సభలో ఒక్కసారిగా నవ్వులు లేచాయి. సింగమయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. "తల్లీ, బజారులో ఇవాళ నూట పది పలుకుతోంది. నీ పంతొమ్మిదికి నాకొకటి ఇప్పించు, నేనే కొంటాను!" అన్నాడు.

"బజారు పలికేది ధర అయ్యా. నేను చెప్పేది వెల" అంది గౌరసాని.

అప్పుడామె ఎల్లమంద వైపు తిరిగింది. "ఎల్లమందా, నీ కొట్టం ఏడాదికి ఆరువందలు ఇస్తుంది. అయిదేళ్ళకొకసారి ఏమీ ఇవ్వదు. అంటే సగటున నాలుగువందల ఎనభై. పదేళ్ళవీ ఇవాళ్టి సొమ్ములోకి మార్చి కూడితే రెండువేల తొమ్మిదివందల యాభై. నువ్వడిగేది మూడువేలు. ఇదీ చాలదు."

ఎల్లమంద ఎర్రచేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉప్పునీళ్ళ మాట దాచి ఉంటే తనకు సొమ్ము వచ్చేదని అతనికి అర్థమైంది. అది గౌరసానికీ అర్థమైంది. ఆమెకు అతని మీద జాలి కలిగింది. కానీ జాలి కోసం గవ్వను పక్కకు జరపలేదు. పనిని మాత్రం మరోసారి చూసింది.

"మూడువేలలో పెంకుల కప్పుకూ రాతి గోడకూ ఎంత?" అని అడిగింది.

"ఆరువందలండీ."

"రాతి గోడ లేకపోతే రంగు అంటదా?"

"అంటుందండీ. తాటాకు కప్పైనా చాలు. కూటం సొమ్ము కదా, చూడడానికి ఘనంగా ఉండాలని..."

"అయితే రెండువేల నాలుగువందలకు కట్టు. అప్పుడు పెట్టినదాని కన్నా అయిదువందల యాభై ఎక్కువ వెల చేస్తుంది. పెద్దయ్యా, ఇదొక్కటే నాకు సరిపడింది. మిగిలిన ఆరువేల ఆరువందలూ గాదెలోనే ఉండనివ్వండి."

ఇంత ఊరించి ఇంత చిన్న మాటా అని జనం గొణిగారు. మాట ఇచ్చారు కనుక కాదనలేకపోయారు. పోలినాయుడు వేరే ఊరి వర్తకుల సొమ్ముతో ఓడ కట్టి బయలుదేరాడు. ఎల్లమంద నేలలో కాగులు పాతి, తాటాకులు కప్పి, పని మొదలుపెట్టాడు.

గౌరసానికి కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

గని వాటా నూట ఇరవై అయింది. నూట ముప్పై అయింది. మూడు నెలలు తిరిగేసరికి నూట యాభై అయింది. నేతగాళ్ళు పొద్దున్నే మగ్గం దగ్గరికి కాక సింగమయ్య అంగడికి వెళ్ళి, ఇవాళ ఎంత అని అడిగి వచ్చేవారు. ఒకరోజు ఇరవైమంది ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. "ఆనాడు తొంభై చొప్పున వంద వాటాలు కొని ఉంటే, ఇవాళ పదిహేను వేలు! మా ఆరువేలు పోగొట్టావు" అన్నారు. "బట్టలు పిండుకునే మనిషికి వజ్రాల సంగతి ఏం తెలుస్తుంది!" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఆ వారం ఆమె చేత వెల కట్టించుకోవడానికి ఒక్క తాను కూడా రాలేదు.

ఆ సాయంత్రం కొమ్మన నవ్వుతూ వచ్చాడు. "అక్కా, నేనూ ఒక వాటా కొన్నాను" అన్నాడు.

"నూట యాభై ఎక్కడివిరా?"

"మగ్గం అమ్మాను. గేదెను అమ్మాను. నీ మరదలి మెడలోని కంటె కూడా. ఇంకేం, రెండు నెలల్లో రెండువందలు అవుతుంది. అప్పుడు అమ్మేసి రెండు మగ్గాలు కొంటాను."

"కొమ్మనా, నా మాట విను. రేపే తిరిగి అమ్మెయ్. అది పంతొమ్మిది వరహాల కాగితం. నువ్వు కొన్నది వజ్రాన్ని కాదు, నీ తరువాత ఇంకొకడు ఇంకా ఎక్కువిచ్చి కొంటాడనే ఆశని. ఆ ఇంకొకడు రాకపోతే?"

"ఎప్పుడూ పంతొమ్మిదే అంటావు! ఊరంతా బాగుపడుతుంటే నీ తమ్ముడొక్కడే బాగుపడకూడదు అన్నట్టు మాట్లాడతావేమక్కా?" అని కొమ్మన కోపంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆమె గడప తొక్కలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక నిజం చెప్పాలి. గౌరసానికి కూడా అనుమానం వచ్చింది. ఆమె గవ్వలు మళ్ళీ పరిచింది. పంతొమ్మిదే వచ్చింది. ఇంకోసారి పరిచింది. పంతొమ్మిదే. కానీ ఊరంతా ఒక మాట అంటూ, తమ్ముడు కూడా అదే అంటూ, తానొక్కతే వేరే మాట అంటుంటే, ఎంత గట్టి మనిషికైనా తన లెక్క మీద తనకే నమ్మకం సడలుతుంది. ఇల్లు కప్పించుకోవడానికి దాచుకున్న నూట అరవై వరహాలు ఆమె దగ్గర ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆ మూట కొంగున ముడివేసుకుని సింగమయ్య అంగడికి వెళ్ళింది.

సింగమయ్య ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రండి తల్లీ, రండి! మీరు కూడా వస్తారని నాకు తెలుసు. నూట అరవై. రేపు వస్తే నూట డెబ్భై" అన్నాడు.

గౌరసాని కొంగు ముడి మీద చెయ్యి వేసింది. విప్పబోతూ ఆగింది. "అయ్యా, మీకెన్ని వాటాలున్నాయి?" అని అడిగింది.

"నాకా? మొదట మూడువందలు ఉండేవి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు..." సింగమయ్య ఉంగరం తిప్పుకుంటూ నవ్వాడు. "అమ్మడమే కదా తల్లీ నా వ్యాపారం. ఉంచుకోవడం కాదు."

"రేపు నూట డెబ్భై అయ్యేదాన్ని ఇవాళ నూట అరవైకి ఎందుకు అమ్ముతున్నారు?"

సింగమయ్య ఆమె మీదుగా చూశాడు. వెనకనున్న మనిషిని "నీకెన్ని నాయనా?" అని పలకరించాడు. గౌరసాని అంగడి మెట్లు దిగి ఇంటికి వచ్చింది. మూట యథాస్థానంలో పెట్టింది. కాసిని మంచినీళ్ళు తాగింది.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. ఎల్లమంద బావి నిండింది, మొదటి ఏడే ఆరువందలు మిగిలాయి. అదే వానకు వజ్రాల గనిలోకి ఊట విరుచుకుపడింది. వంద తిత్తులు తోడినా నీళ్ళు తగ్గలేదు. పనివాళ్ళు తట్టలు గట్టు మీద వదిలి వెళ్ళిపోయారు. కబురు కొంగలరేవుకు చేరిన రోజు వాటా ధర నూట అరవై నుంచి నలభైకి పడింది. మర్నాడు అయిదు. ఆ మర్నాడు కొనేవాడే లేడు. సింగమయ్య అంగడి తలుపులకు తాళం వేసి ఉంది.

కొమ్మన వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఎనిమిదో రోజు గౌరసానే వెళ్ళింది. మగ్గం ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. కొమ్మన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నన్నెందుకు ఇంకా గట్టిగా ఆపలేదక్కా?" అన్నాడు.

గౌరసాని అతని పక్కన కూర్చుంది. "ఆపాను. నువ్వు కోప్పడ్డావు. నేనూ అలిగి ఊరుకున్నాను. అది నా తప్పు. ఇంకొక మాట చెప్పనా? నేను కూడా ఒకరోజు నూట అరవై వరహాలు కొంగున కట్టుకుని ఆ అంగడికి వెళ్ళాను. ముడి విప్పబోయాను."

కొమ్మన తల ఎత్తి చూశాడు. "నువ్వా?"

"నేనే. ఆశ అందరికీ ఒకటే రా. లేచి మొహం కడుక్కో. ఎల్లమందకు పనివాళ్ళు కావాలట."

కొమ్మన రంగుల కొట్టంలో కూలికి చేరాడు. కొద్ది రోజుల్లోనే అతని చేతులు కూడా ఎర్రబడ్డాయి.

రెండో ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. పన్నెండేళ్ళ తరువాత మళ్ళీ అదే హోరు, అవే అలలు. ఈసారి జనం ముందే మెరకకు పరుగెత్తారు కనుక ప్రాణాలు దక్కాయి. మగ్గాలు దక్కలేదు. రంగుల కొట్టం తాటాకులు ఎగిరిపోయాయి, నేలలో పాతిన కాగులు మాత్రం చెక్కు చెదరలేదు.

వాన వెలిసిన మర్నాడు నేతగాళ్ళంతా బురదలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పర్వతయ్య ఊరి గాదెకు వెళ్ళాడు. గాదెలో ఉంచిన సొమ్ము రెండేళ్ళ లాభంతో దగ్గర దగ్గర ఎనిమిదివేలు అయింది. రంగుల కొట్టం ఇచ్చింది పన్నెండువందలు. రెండేళ్ళ చందా మరో పన్నెండువందలు. మొత్తం పదివేల పైమాటే.

మగ్గానికి పాతిక చొప్పున మూడువందల మగ్గాలకు ఏడువేల అయిదువందలు లెక్కించారు. మిగిలినదాంట్లో ఇంటింటికీ నాలుగు నెలలకు సరిపడా బియ్యం ఇచ్చారు. గౌరసాని కుంచంతో కొలిచి పోస్తూ ఉంది. ఒక పిల్లవాడి తల్లి చెంగు పట్టి, "చాలమ్మా, మా ఇంటికి ఇంత చాలు" అంది. "పట్టు, ఇంకా ఉంది" అంది గౌరసాని. మరో కుంచం పోసింది.

ఆ ఏడు కొంగలరేవులో ఎవరూ ఆకలితో చనిపోలేదు.

కథ ఇక్కడే ముగిస్తే బాగుండును. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. మూడో ఏడు వైశాఖంలో, పోలినాయుడి ఓడ తిరిగి వచ్చింది! ఒక తెరకొయ్య విరిగి ఉంది, పక్కలు అతుకులతో ఉన్నాయి. లోపల మాత్రం నిండా లవంగాలు. రేవంతా ఘాటైన వాసన. సొమ్ము పెట్టిన పరాయి ఊరి వర్తకులకు ఒకటికి మూడింతలు వచ్చింది.

"అయ్యో, ఇరవై ఏడు వేలు మనవి కావలసినవి!" అని కొందరు నిట్టూర్చారు. పోలినాయుడు లవంగాల మూట ఒకటి తీసుకుని గౌరసాని ఇంటికి వచ్చాడు. వెనకే పర్వతయ్య, పదిమంది నేతగాళ్ళు వచ్చారు.

"నీ లెక్క తప్పింది గౌరసానీ. నేను వచ్చాను" అన్నాడు పోలినాయుడు. ఆ మాటలో గర్వం ఉంది గానీ ద్వేషం లేదు.

"నువ్వు వచ్చినందుకు చాలా సంతోషం నాయుడూ. కూర్చో. నీతో ఎంతమంది వెళ్ళారు?"

పోలినాయుడు మూట కింద పెట్టాడు. "నలభైమంది. వచ్చింది ఇరవై తొమ్మిది."

"తెరకొయ్య విరిగిన రోజు, వస్తానని నీకు నమ్మకం ఉందా?"

పోలినాయుడు తల అడ్డంగా ఊపాడు. "లేదు. ఆ రోజు గాలి ఇటు కాక అటు తిరిగి ఉంటే మేము లేము. అది నా తెలివి కాదు" అన్నాడు.

గౌరసాని నేతగాళ్ళ వైపు తిరిగింది. "పదింట నాలుగు వస్తాయన్నాను గానీ, ఏదీ రాదని నేను అనలేదు. ఇతను ఆ నాలుగింటి కోవలో చేరాడు. అతని ధైర్యం అతనికి ఫలించింది. మన సంగతి చూడండి. ఇరవై ఏడు వేలు ఈ వైశాఖంలో వచ్చేవి. గాలివాన కార్తీకంలోనే వచ్చింది. ఆ రెంటికీ మధ్యనున్న ఆరు నెలలు మన పిల్లలకు ఏం పెట్టేవాళ్ళం?"

లవంగాల కోసం నిట్టూర్చినవాళ్ళలో కొమ్మన కూడా ఉన్నాడు. అతను గాలివాన సొమ్ముతో తనకూ వచ్చిన కొత్త మగ్గం వైపు, ఆ మగ్గం మీద సగం నేసిన బట్ట వైపు వెళ్ళిపోయాడు. పోలినాయుడు లేచి, తన అదృష్టం మీద పందెంగా ఈ పట్నం ఆపద సొమ్మును అడిగినందుకు మన్నించమని పర్వతయ్యకు దండం పెట్టాడు. ఆనాటినుంచి కొంగలరేవు కూటం ఏ పనిలో సొమ్ము పెట్టవలసివచ్చినా, ముందు గౌరసాని చేత వెల కట్టించకుండా పెట్టలేదు.

వచ్చేది ఎంత అని మాత్రమే కాక, అది ఎప్పుడు వస్తుంది, రాకపోతే ఏమవుతుంది అని కూడా అడిగి వెల కట్టేవారి సొమ్మే ఆపదలో అక్కరకు వస్తుంది.